జూదం నిషేధించినా, లైసెన్స్ ఇచ్చి పన్నేసినా, చట్టసభలో చర్చించాకే చెయ్యాలి కదా? నెల్లూరు, ప్రకాశం వాళ్ళు చెప్పండి

కావలి_కుర్రోడు:

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదివి మీ మాట చెప్పండి.

పేకాట, క్రికెట్ బెట్టింగు మన జిల్లాకి కొత్తేం కాదు. 2017లో నెల్లూరు పోలీసులు బుకీల మీద వరసబెట్టి దాడులు చేసినప్పుడు టీ కొట్ల దగ్గర అదే మాట. అప్పట్లో ఫోన్లో రేటు చెప్పే మనిషి ఒకడు ఉండేవాడు, ఇప్పుడా మనిషి కూడా అక్కర్లేదు, డిగ్రీ చదివే పిలకాయలు క్లాసులో కూర్చునే ఓవర్ ఓవర్ కీ డబ్బులు పెడతా ఉండారు. ఇది ఆగాలనే నేనూ కోరుకునేది, అందులో రెండో మాట లేదు.

నన్ను తొలిచేది ఇంకోటి. ఈ నిర్ణయాలు ఎవరు, యాడ కూర్చుని తీసుకుంటుండారు? ఒకసారి వరసగా చూడండి. 2020 సెప్టెంబర్లో మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటివి నిషేధిస్తా 1974 గేమింగ్ చట్టాన్ని ఆర్డినెన్స్ తో సవరించింది, అది అసెంబ్లీకి వచ్చింది డిసెంబర్లో, అంటే అమలు ముందు, చర్చ తర్వాత. 2023 జులైలో కేంద్ర, రాష్ట్రాల మంత్రులుండే జీఎస్టీ కౌన్సిల్ కూర్చుని ఆన్‌లైన్ గేముల్లో పెట్టే మొత్తం మీద 28 శాతం పన్ను అంది, అక్టోబర్ 1 నుంచి వసూలు మొదలైంది. ఆరు నెలల్లో ఆన్‌లైన్ గేమింగ్ నుంచి 6,909 కోట్లు వచ్చిందనీ అంతకు ముందు 1,349 కోట్లేననీ 2024 సెప్టెంబర్లో కౌన్సిల్ మీటింగు అయ్యాక కేంద్ర ఆర్థిక మంత్రే చెప్పారు. ఆ మాట చెప్పి ఏడాది తిరక్కుండానే 2025 ఆగస్టు 20న అదే వ్యాపారాన్ని మొత్తం నిషేధించే బిల్లు లోక్ సభలో పెట్టారు, ఆ రోజే గొడవల మధ్య మూజువాణి ఓటుతో పాసైంది, 21న రాజ్యసభలో, 22న రాష్ట్రపతి సంతకం. బిల్లుని నిదానంగా పరిశీలించే స్టాండింగ్ కమిటీకి పంపలా, ఆడి చితికిపోయిన కుటుంబాన్ని పిలిచి అడిగిన వాళ్ళు లేరు, కంపెనీ వాళ్ళనీ బ్యాంకు వాళ్ళనీ కూర్చోబెట్టి ప్రశ్నలు వేసింది లేదు.

నిషేధించే పనయితే ఆ రెండేళ్ళు పన్నెందుకు తీసుకున్నట్టు? తీసుకునే పనయితే ఆ డబ్బులో ఈ వ్యసనం పట్టినోళ్ళ వైద్యానికి ఎంత పెట్టారు, ఆ లెక్క ఏ సభ ముందు పెట్టారు? ఒక ఓటరుగా నాకిది తెలియాలి.

నా ఆలోచన ఏందంటే, రాష్ట్రంలో జూదం మొత్తానికీ, అంటే క్లబ్బులు, పందాలు, ఆన్‌లైన్ అన్నిటికీ కలిపి ఒక కొత్త చట్టం రావాలి, అది ఎమ్మెల్యేలుండే సెలెక్ట్ కమిటీకి పోయి జనం మాట విని రావాలి, దేన్ని పూర్తిగా ఆపాలో దేనికి లైసెన్స్ ఇవ్వాలో అక్కడ తేలాలి, లైసెన్స్ ఇస్తే వచ్చిన ప్రతి రూపాయి లెక్కా ఏటా సభలో పెట్టాలి. మీరేమంటారు?

కలిగిరి_మాష్టారు:

అబ్బయా, నీ బాధ నాకు అర్థమైంది కానీ లైసెన్స్ అనే మాట దగ్గరే నాకు గుండె ఆగింది.

నువ్వు కావలోడివి, దూబగుంట మీకేం దూరం కాదు. మా కలిగిరి మండలంలో ఉండే ఆ ఊరి ఆడోళ్ళు రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటా సారా మీద తిరగబడ్డారు, రోశమ్మ పేరు అట్టా బయటికొచ్చింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగనీకుండా ఆడోళ్ళు అడ్డం నిలబడితే ప్రభుత్వం వాయిదా మీద వాయిదా వేసుకుంది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా బంద్. 1995 జనవరిలో ఎన్టీ రామారావు గారు సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. 1997కల్లా ఏమైంది? ఖజానాకి డబ్బుల్లేవని ఎత్తేశారు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఏ పార్టీ వచ్చినా మందు మీద వచ్చే ఆదాయం వదులుకున్నోళ్ళు లేరు. 2024 అక్టోబర్లో 3,396 షాపులకి లాటరీ తీశారు, ఒక్కో అప్లికేషనుకి 2 లక్షలు, షాపు వచ్చినా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు.

నేను చూసింది ఇది. ప్రభుత్వం ఒక వ్యసనం మీద పన్ను తినడం మొదలుపెడితే ఆ వ్యసనం తగ్గాలని ఇంకెప్పుడూ కోరుకోదు, పైకి ఎన్ని బోర్డులు రాసినా బడ్జెట్లో పోయినేడాది కంటే ఎక్కువ రావాలనే అంకె వేసుకుంటారు. జూదానికి లైసెన్స్ ఇస్తే రేపు మండలానికొకటి అడుగుతారు. రాష్ట్రానికి ఆదాయం కావాలంటే గ్రానైట్ మీద, ఇసుక మీద సరిగ్గా వసూలు చేసుకోమనండి, పేదోడి బలహీనత మీద కాదు.

చర్చ జరగాలన్నావే, అది ఒప్పుకుంటా. కానీ ఆ చర్చ నిషేధం ఎట్టా గట్టిగా అమలు చెయ్యాలనే దాని మీద జరగాలి.

ఒంగోలు_వకీలు:

మాష్టారూ, సారా ఉద్యమం మాట ఎత్తినందుకు దండం. మా అమ్మ ఆ రోజుల్లో పొదలకూరులో ఆ ఊరేగింపుల్లో నడిచిన మనిషి.

చట్టం సంగతి కాస్త చెప్తా, ఎందుకంటే ఇక్కడ చాలామందికి ఎవరి అధికారం యాడ దాకా అనేది కలగాపులగంగా ఉంది. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్రాల జాబితా 34వ అంశం బెట్టింగ్, జూదం. అంటే దీని మీద చట్టం మొదట్నుంచీ అసెంబ్లీ పని. పన్ను వేసే అధికారం కూడా 62వ అంశం కింద రాష్ట్రానికే ఉండేది, కానీ 2016లో జీఎస్టీ కోసం 101వ సవరణ చేసినప్పుడు అందులోంచి బెట్టింగ్, జూదం తీసేశారు, ఇప్పుడక్కడ పంచాయతీలు, మున్సిపాలిటీలు వేసుకునే వినోదపు పన్ను లాంటివే మిగిలినయ్. కాబట్టి చట్టం చేసేది ఒకచోట, పన్ను రేటు తేలేది ఇంకోచోట. కావలి తమ్ముడు అడిగిన ప్రశ్నకి మూలం ఇక్కడుంది. కౌన్సిల్లో మన ఆర్థిక మంత్రి ఏం మాట్లాడి వచ్చారో సభలో చెప్పాలని అడిగే హక్కు మాత్రం ఎమ్మెల్యేలకి ఉంది. కౌన్సిల్ సిఫార్సులు పార్లమెంటునీ అసెంబ్లీలనీ కట్టిపడెయ్యవని 2022లో సుప్రీంకోర్టే చెప్పింది, కానీ ఆ హక్కు వాడుకున్న సభ నాకు కనబడలా.

ఇంకోటి, పన్ను కట్టినంత మాత్రాన ఆట చట్టబద్ధం కాదు. రాష్ట్రాల నిషేధ చట్టాలకి అడ్డం రాదనే జీఎస్టీ చట్టంలో రాశారు. గెలిచిన డబ్బు మీద 30 శాతం ఆదాయపు పన్ను దానికది వేరే.

రమ్మీ మాటకొస్తే, 1968లో సుప్రీంకోర్టు తీర్పు మన రాష్ట్రం కేసే, సికింద్రాబాద్ లో ఒక రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు రైడ్ చేసిన కేసు. 13 ముక్కల రమ్మీలో పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో లెక్కుండాలి కాబట్టి నైపుణ్యం ఎక్కువని, మూడు ముక్కలాట అట్టా కాదని చెప్పింది. అందరూ అక్కడిదాకే చదువుతారు. అదే తీర్పులో, ఆ ఆట పెట్టి క్లబ్బు ఓనరు లాభం చేసుకుంటుంటే నేరం అవ్వొచ్చని కూడా ఉంది. ఊళ్ళలో క్లబ్బులు టేబుల్ కి ఇంత అని తీసే డబ్బు ఆ గీతకి ఏ పక్కన ఉందనేది ఏ చట్టంలోనూ స్పష్టంగా రాసి లేదు, అందుకే ఒక ఎస్సై వస్తే మూస్తారు, ఇంకో ఎస్సై వస్తే తెరుస్తారు. 2025 కేంద్ర చట్టం ఈ నైపుణ్యం గొడవే లేకుండా, డబ్బు పెట్టి ఆడించే ఏ ఆన్‌లైన్ ఆటయినా నిషేధం అనేసింది. నడిపేవాడికి 3 ఏళ్ళ దాకా జైలు, కోటి దాకా జరిమానా, యాడ్ ఇచ్చేవాడికి 2 ఏళ్ళు, 50 లక్షలు. ఆడినోడికి శిక్ష లేదు. మన 1974 చట్టంలో ఆడినోడూ నేరస్తుడే. హైకోర్టుల్లో పడిన కేసుల్ని సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది.

నా అభిప్రాయం అడిగితే చర్చ లేకుండా చేసిన చట్టం కోర్టులో బలహీనంగా నిలబడుద్ది. తమిళనాడు చూడండి, మనకి తడ దాటితే వచ్చేదే. 2022లో జస్టిస్ చంద్రు గారితో కమిటీ వేసి రిపోర్టు తీసుకున్నారు, గవర్నరు బిల్లు తిప్పి పంపితే 2023 మార్చిలో సభలో మళ్ళీ పాస్ చేశారు. హైకోర్టు అందులో రమ్మీ, పోకర్ నిషేధం కొట్టేసింది కానీ ఆన్‌లైన్ ఆటల్ని నియంత్రించే అధికారం రాష్ట్రానికుందని ఒప్పుకుంది. కమిటీ, రిపోర్టు, చర్చ ఉండబట్టే అంత నిలబడిందని నా నమ్మకం.

టంగుటూరు_బ్యారన్:

వకీలు గారు చట్టం చెప్పారు, నేను ఊరు చెప్తా.

మాది పొగాకు. వేలం కేంద్రంలో బేళ్ళు అమ్ముడుపొయ్యి డబ్బు అకౌంట్లో పడే నెలల్లోనే మా చుట్టుపక్కల ఆట జోరెక్కుద్ది, ఎవడి చేతిలో ఎప్పుడు డబ్బుంటదో ఆడించేవాడికి మాకంటే బాగా తెలుసు. తోటల్లో లోనా బయటా, కోతముక్క అనే పేకాటలు, సంక్రాంతికి కోడిపందాల పక్కన గుండాట. ఇయ్యన్నీ 1974 నుంచి నిషేధమే కదా మాష్టారూ? కోడిపందాలకైతే జంతుహింస చట్టం కూడా ఉంది. ఆగినయ్యా? ఆగలా. ఆ మూడు రోజులూ ఎవరూ రారు, నాలుగో రోజు నుంచి కేసులు. అంటే పన్ను ఇప్పటికీ వసూలవుతానే ఉంది, పేరు మామూలు, లెక్క లేదు, రసీదు లేదు, సభ లేదు. మా ఎరికలో ఒక కౌలు రైతు ఒక్క సీజను డబ్బు మొత్తం తోటలో పోగొట్టుకుని పొగాకు కాల్చే బ్యారన్ అద్దె కట్టలేక బేల్దారి పనికి హైదరాబాద్ వలసపొయ్యాడు, వాడి భార్య పుస్తెలు కుదువ పెట్టింది. వాడిని ముంచిన తోట మీద ఒక్క కేసు లేదు.

నేను లైసెన్స్ కావాలనట్లేదు. నిషేధం అని రాసి పక్కకి తిరిగి నిలబడే ఈ పద్ధతి వద్దంటున్నా. ఏ మండలంలో ఎన్ని రైడ్లు చేశారు, ఎంత డబ్బు పట్టుకున్నారు, ఎన్ని కేసుల్లో శిక్ష పడింది, ఆర్నెల్లకోసారి అసెంబ్లీలో పెట్టమనండి ముందు. అది పెట్టడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, మా ఎమ్మెల్యే ఒక ప్రశ్న వేస్తే చాలు.

కోవూరు_అక్క:

నేను చట్టాలు చదవలా, కానీ ఇంట్లో ఈ మంట చూసినదాన్ని కాబట్టి రాస్తన్నా.

మా ఇంటి మనిషే ఒకరు యాప్ లో ఆడి ఆడి, జీతం అయిపోయాక లోన్ యాప్ లో తీసి, అది కట్టడానికి ఇంకో లోన్ యాప్ లో తీసి, చివరికి కాల్ చేసేవాళ్ళు మా అమ్మ నంబరుకి కూడా చేసేదాకా వచ్చింది. మన రాష్ట్రంలో 2020 నుంచి నిషేధమని అప్పుడే తెలిసింది మాకు. ఫోన్లో లొకేషన్ మార్చి ఆడేవాడంట, డబ్బు మాత్రం మన ఊరి బ్యాంకు నుంచే పోయేది. ఇప్పుడు కేంద్ర చట్టం వచ్చాక పెద్ద యాప్ లు ఆపేసినయ్, మంచిదే, కానీ బయటి దేశాల సైట్లు టెలిగ్రామ్ లింకులతో వస్తుండయ్, డబ్బు వేసే అకౌంటు ఎవడో కాలేజీ పిలగాడిది, నెలకింత అని అద్దెకిచ్చిందంట. దాని మీద పన్నూ లేదు, పట్టుకునేవాడూ లేడు, మోసపోతే అడగడానికి ఆఫీసూ లేదు.

నాకు కావాల్సింది చెప్తా. సింగపూర్ లో ఇంటి మనిషి జూదం పిచ్చిలో పడితే భార్యో తల్లో అర్జీ పెట్టుకుని వాడిని క్యాసినోలోకి రానీకుండా ఆర్డర్ తెచ్చుకోవచ్చు. ఆ దేశం వాళ్ళు లోపలికి పోవాలంటే రోజుకి 150 సింగపూర్ డాలర్లు ముందే కట్టాలి, విదేశీయులకి అది లేదు, అంటే సొంత జనం ఆడకూడదనే పెట్టారు. ఇంగ్లండ్ లో 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో జూదం ఆడనివ్వరు, 2025 నుంచి కంపెనీల ఆదాయంలో కొంత కట్టించి, అందులో సగం వైద్యానికి పోయేట్టు రాసుకున్నారు. నిషేధమైనా లైసెన్సయినా నాకు ముఖ్యం కాదు, మా ఆడోళ్ళు పోయి తలుపు తట్టడానికి ఒక చోటు చట్టంలో ఉండాలి. పోలీస్ స్టేషన్ కి పోతే మీ ఆయన మీద కూడా కేసు అవుద్దమ్మా అంటే ఎవరు పోతారు? 1974 చట్టంలో ఆడినోడికి శిక్ష ఉండటం వల్ల జరిగేది ఇదే. వకీలు గారు చెప్పినట్టు కేంద్ర చట్టంలో తీసేశారు కదా, మన రాష్ట్ర చట్టంలో కూడా తియ్యాలి.

ఎవరికైనా ఇట్టాంటి ఇబ్బంది ఉంటే 14416 కి ఫోన్ చెయ్యండి, టెలిమానస్ అని ప్రభుత్వ మానసిక వైద్య సాయం, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. ఆన్‌లైన్ లో డబ్బు మోసపోతే 1930.

కావలి_కుర్రోడు:

అక్కా, మీరు రాసింది రెండుసార్లు చదివా. కుటుంబం అర్జీ పెట్టుకునే చోటు అనేది నా పోస్టులో లేదు, ఉండాల్సింది.

మాష్టారూ, మీ భయం ఉత్త భయం అనను, మద్యం కథ మన కళ్ళ ముందే జరిగింది. కానీ ఒకటి చూడండి. దూబగుంట ఆడోళ్ళు గెలిచింది వేలంపాట అందరి ముందూ కలెక్టరాఫీసులో జరిగేది కాబట్టి కూడా, పోయి అడ్డం నిలబడటానికి ఒక తేదీ, ఒక చోటు ఉండబట్టి. జీఎస్టీ కౌన్సిల్ గదికి, ఆర్డినెన్స్ ఫైలుకి అడ్డం నిలబడాలంటే యాడికి పోవాలి? నేను సభ కావాలనేది అందుకే. సభలో మీలాంటోళ్ళు వాదించి పూర్తి నిషేధం గెలిపిస్తే నాకు సంతోషమే.

పన్ను గురించి కూడా ఒక మాట. పెట్టిన మొత్తం మీద 28 శాతం అంటే, 100 వేస్తే దాదాపు 22 పన్నుకే పోయేది. అంతకు ముందు కంపెనీ తీసుకునే కమీషన్ మీద 18 శాతం కట్టేవాళ్ళు. పన్ను ఎక్కువైతే ఆడటం తగ్గుద్దని కొందరు, పన్ను లేని విదేశీ సైటుకి పోతారని కొందరు. ఎవరిది నిజమో తేల్చే అధ్యయనం ఏదన్నా చేయించి సభ ముందు పెట్టి రేటు వేసుంటే బాగుండేది.

ఒంగోలు_వకీలు:

చట్టాల మీద కేంద్రానికి సలహాలిచ్చే లా కమిషన్ 2018 జులైలో జూదం, బెట్టింగు మీద 276వ రిపోర్టు ఇచ్చింది తమ్ముడూ, ఈ చర్చకి పనికొచ్చేది అదే. పూర్తిగా ఆపడం చేతకాకపోతే గట్టిగా నియంత్రించడమే దారి అంది. ఒక మనిషి నెలకి, ఆర్నెల్లకి ఇన్నిసార్లే ఆడాలని పరిమితి, ఆధార్ పాన్ లింకు, నగదు లేకుండా లావాదేవీలు, మైనర్లనీ ప్రభుత్వ రాయితీలు తీసుకునే పేదల్నీ ఆడనివ్వకూడదని రాసింది. మాష్టారి భయానికీ అక్క అడిగినదానికీ అందులో కొంత జవాబుంది. దాని మీద మన అసెంబ్లీలో చర్చ పెట్టమనడం న్యాయమైన కోరిక.

కలిగిరి_మాష్టారు:

ఆ పేదల్ని ఆడనివ్వొద్దనే మాట బావుంది. కానీ దాన్ని కాపలా కాసేదెవరు? మన దగ్గర మందు షాపులో మైనరుని ఎవరన్నా ఆపుతున్నారా? నా మాట నిషేధమే. అయితే కావలి అబ్బాయి చెప్పిన తేదీ, చోటు మాట మాత్రం నిజం, మేం ఆ రోజు నిలబడగలిగింది అందువల్లే. టంగుటూరాయన అడిగిన రైడ్ల లెక్క, కోవూరు అమ్మాయి అడిగిన అర్జీ చోటు, ఈ రెండిటికీ నా సంతకం పెడతా. లైసెన్స్ అనే మాట మాత్రం అందులో ఉండకూడదు.

టంగుటూరు_బ్యారన్:

మాష్టారూ అయితే రాయండి, మేం పెడతాం. ప్రకాశం వైపు సంతకాలు నేను చూసుకుంటా, పొగాకు వేలం జరిగే రోజు పొద్దున్నే కేంద్రం గేటు దగ్గర రైతులంతా దొరుకుతారు.

ఒంగోలు_వకీలు:

అసెంబ్లీలో పిటిషన్ల కమిటీ అని ఉంది, ప్రజల అర్జీ ఒక ఎమ్మెల్యే ద్వారా దానికి పంపొచ్చు. అర్జీలో మూడే అంశాలు పెడదాం: ఆర్నెల్లకోసారి కేసుల లెక్క సభలో పెట్టడం, ఆడినోడి మీద జైలు శిక్ష తీసి కుటుంబం అర్జీ పెట్టుకునే అధికారి ఒకరిని జిల్లాకి వెయ్యడం, జూదం మీద ఏ పన్ను వచ్చినా దాని లెక్క ఏటా సభకి ఇవ్వడం. లైసెన్సు గురించి అటూ ఇటూ ఏమీ రాయను, మాష్టారు కూడా సంతకం పెట్టేట్టు ఉండాలి. డ్రాఫ్టు ఆదివారం రాత్రికి ఇక్కడే పెడతా, అక్కా మీరు రెండో అంశం మీ మాటల్లో నాలుగు లైన్లు రాసి పంపండి, వకీలు భాషలో కంటే అదే బాగుంటది.

కోవూరు_అక్క:

పంపిస్తా వకీలు గారూ. పేర్లు లేకుండా రాస్తా, మా వీధిలో ఇంకో ఇద్దరు ఆడోళ్ళు కూడా చెప్తామన్నారు, వాళ్ళవీ కలిపి పంపుతా.